ఆకాశపు గాలిని కొలిచిన విక్రం సారాభాయి

గోదావరిఖనికి అనతిదూరమున, రామగిరి కొండల సమీపమున, సెంటినరీ కాలనీ యను ఊరు కలదు. సింగరేణి బొగ్గుగనులకు నూరేండ్లు నిండిన సందర్భమును ఆ పేరు తలపించుచున్నది. అచ్చటి బాలురను పిలిచి, గాలిని కొలుచుట యెట్లని ప్రశ్నించినచో వారు తెల్లబోయి నిలువరు. వారి తండ్రులును తాతలును బాయిలోనికి దిగి పనిచేసినవారు. భూగర్భమందలి బాయిలో గాలి ఆడకున్నచో మనుష్యుడు బ్రతుకజాలడు. బొగ్గుపొరల నుండి వెలువడు మీథేను వాయువు ఒకచోట నిలిచిపోయినచో చిన్న నిప్పురవ్వయే పెద్ద ప్రమాదమునకు దారితీయును. కావున బాయి వెలుపల పెద్ద ఫ్యాను నుంచి, లోపలి గాలిని ఎడతెగక లాగుచుందురు. ఏ దారిలో ఎంత గాలి పారుచున్నదో చిన్న రేకుల చక్రముగల పరికరముతో కొలుతురు. ఆ చక్రమునుగూడ త్రిప్పలేనంత మెల్లగా గాలి కదలుచోట మరియొక ఉపాయము కలదు. కొంచెము పొగను విడిచి, అది ఒక గుర్తు నుండి మరియొక గుర్తునకు ఎన్ని సెకండ్లలో పోయెనో గడియారముతో చూతురు. కంటికి కనబడని గాలి, కనబడు పొగను మోసికొనిపోవును. పొగ వేగమే గాలి వేగము.

ఈ ఉపాయమునే భూమికి నూరు కిలోమీటర్ల పైయెత్తున ప్రయోగింపవలసి వచ్చినచో నేమి చేయవలెను? అచ్చటికి పొగను మోసికొనిపోవువారెవరు? దానిని చూచువారెవరు? 1963వ సంవత్సరము నవంబరు మాసమున, కేరళ సముద్రతీరమున, ఒక సాయంకాలము మన దేశమునందు తొలిసారిగా ఆ పని జరిగినది. దానిని సంకల్పించి జరిపించినవాడు విక్రం సారాభాయి. నేడు మన దేశపు ఉపగ్రహములను గూర్చియు, చంద్రునిపై దిగిన నౌకను గూర్చియు అందరును చెప్పుకొనుచున్నారు. ఆ మహాకార్యమంతయు ఒక గాలికొలతతో ఆరంభమైనదను సంగతి మాత్రము చాలమంది యెరుగరు.

విక్రం 1919వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదు నగరమున జన్మించెను. తండ్రి అంబాలాల్ సారాభాయి కాలికో మిల్లునకు యజమాని, గొప్ప ధనవంతుడు. తల్లి సరళాదేవి. ఆ దంపతులకు ఎనిమిదిమంది సంతానము. పిల్లలను భయపెట్టి చదివించుట సరళాదేవికి గిట్టలేదు. ఆమె తమ విశాలమైన గృహమునందే మాంటిసోరి పద్ధతిపై ఒక పాఠశాలను నెలకొల్పి, తగిన ఉపాధ్యాయులను రప్పించెను. అచ్చట చదువుతోపాటు చిత్రలేఖనము, సంగీతము, చేతిపనులును నేర్పబడుచుండెను. యంత్రములపై మక్కువగల బాల విక్రమునకు ఇంటిలోనే ఒక పనిముట్ల గది అమర్చబడినది. అతడు అందులో కూర్చుండి, పెద్దల సహాయమున, నిజముగా నడచు చిన్న రైలింజను నమూనాను తయారుచేసెను. సైకిలుపై విన్యాసములు చేసి తోటివారిని భయపెట్టుటయు అతనికి మిక్కిలి ఇష్టముగా నుండెడిది.

ఆ యింటిలో ధనముతోపాటు ధర్మవిచారమును ఉండెను. విక్రం పుట్టుటకు ఒక సంవత్సరము ముందు, 1918లో, అహమ్మదాబాదు మిల్లు కార్మికులు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. మిల్లు యజమానులకు నాయకుడు అంబాలాల్. కార్మికుల పక్షమున గాంధీమహాత్మునితో కలిసి నిలిచినది అంబాలాల్‌కు స్వయముగా అక్కయైన అనసూయాబెన్. గాంధీజీ ఉపవాసము పట్టిన పిమ్మట ఆ వివాదము మధ్యవర్తుల నిర్ణయమునకు విడువబడి, కార్మికులకు కూలి పెరిగినది. తమ్ముడొక పక్షము, అక్క వేరొక పక్షమునైనను వారి నడుమ ప్రేమ తెగలేదు. కార్మిక సంఘముల మాటలు వినుచు పెరిగిన బొగ్గుగనుల ప్రాంతపు పిల్లలకు ఈ కథ వింతగా తోచకపోవచ్చును. మేనత్త ప్రభావము విక్రముపై ఎంతయో పడెను. తాను పెద్దవాడైన పిమ్మట ఎదుటిపక్షము మాటను ఓపికతో వినుట, తనకంటె చిన్నవారిని సమానులుగా చూచుట ఆయనకు సహజగుణములయ్యెను.

గాంధీజీ, నెహ్రూ, సి.వి.రామన్, రవీంద్రనాథ ఠాగూరు వంటి పెద్దలు ఆ యింటికి అతిథులుగా వచ్చుచుండిరి. విక్రం గుజరాత్ కళాశాలలో చదివి, ఉన్నతవిద్యకై ఇంగ్లండు పోవునపుడు ఠాగూరు పరిచయలేఖ వ్రాసియిచ్చెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రములు చదివి 1940లో ఆయన పట్టమును పొందెను. అప్పటికి రెండవ ప్రపంచయుద్ధము ముదిరినది. స్వదేశమునకు మరలివచ్చి, బెంగుళూరునందలి భారత విజ్ఞాన సంస్థలో రామన్ పర్యవేక్షణమున పరిశోధన కారంభించెను. అదే సంస్థలో ఆ దినములందు హోమీ భాభాయు పనిచేయుచుండెను. ఇరువురును విశ్వకిరణములను గూర్చి పరిశోధించుచుండిరి. అంతరిక్షమునుండి రేయింబవళ్లు మన భూమిపై కురియు సూక్ష్మకణములనే విశ్వకిరణములందురు. వాని జోరు ఉదయమొకరీతిగను, సాయంకాలమొకరీతిగను, సూర్యుని వికారములనుబట్టి వేరొకరీతిగను మారుచుండును. ఆ మార్పులను పట్టుకొనుటకై విక్రం తాను స్వయముగా పరికరములు నిర్మించి, బెంగుళూరునందును కాశ్మీర పర్వతములమీదను కొలతలు తీసెను. పర్వతశిఖరమెక్కి కొలిచినను మీదనున్న వాతావరణపు పొర అడ్డుగానే ఉండెడిది. ఇంకను పైకి పోవలెనను తలంపు ఆయన మనస్సున నాటుకొన్నది ఆ దినములందే.

1942లో ఆయన ప్రసిద్ధ నర్తకియగు మృణాళినిని మద్రాసునందు వివాహమాడెను. ఆజాద్ హింద్ ఫౌజునందు పేరొందిన కెప్టెన్ లక్ష్మి ఆమెకు అక్క. క్విట్ ఇండియా ఉద్యమము సాగుచున్న కాలమగుటచే వరుని తల్లిదండ్రులు పెండ్లికి రాలేకపోయిరి. యుద్ధము ముగిసిన పిమ్మట విక్రం మరల కేంబ్రిడ్జికి పోయి, ఉష్ణమండలమునందలి విశ్వకిరణములపై వ్రాసిన గ్రంథమునకు 1947లో డాక్టరు పట్టమును పొందెను.

దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన కొలది వారములకే, 1947 నవంబరు 11న, అహమ్మదాబాదునందు ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ అను పరిశోధనాలయము ఆరంభమయ్యెను. అప్పటికి విక్రం వయస్సు ఇరువదియెనిమిదేండ్లు. దానికి సొంత భవనమైన లేదు. ఒక కళాశాలలో కొన్ని గదులు తీసికొని పని మొదలిడిరి. వాతావరణ శాఖలో దీర్ఘకాలము పనిచేసి విశ్రాంతి తీసికొనదలచిన కె.ఆర్.రామనాథన్ అను పండితుని విక్రం ఆహ్వానించి, తొలి డైరెక్టరుగా నియమింపజేసెను. అది మిక్కిలి దూరదృష్టితో చేసిన పని. విశ్వకిరణములు తెలిసినవాడు ఒకడు, వాయుమండలము తెలిసినవాడు మరియొకడు. ఒకరి విద్య ఆకాశమునుండి క్రిందికి దిగినది, రెండవవారిది నేలనుండి పైకెక్కినది. ఆ రెండును కలియుచోటనే పైమండలపు గాలుల రహస్యము దాగియుండెను.

విక్రం నెలకొల్పిన సంస్థలన్నిటిని ఇచ్చట వర్ణించుటకు తావు లేదు. వస్త్రపరిశ్రమకై పరిశోధనాసంఘము, అహమ్మదాబాదు మేనేజిమెంటు విద్యాసంస్థ, భార్యతో కలిసి దర్పణ నాట్యకళాశాల మొదలగునవి ఆయన చేతిమీదుగా వెలసినవి. మందుల కర్మాగారమును నడపుట ఒకవంక, విద్యార్థుల పరిశోధనలను దిద్దుట వేరొకవంక. ఆయనకు నిద్రకు చాలినంత సమయము ఉండెడిదికాదని చెప్పుదురు.

ఇక మన కథకు వత్తము. భూమికి పదిపదునైదు కిలోమీటర్ల వరకు మేఘములును విమానములును సంచరించును. రబ్బరు బుడగలను ఎగురవేసి అచ్చటి గాలులను వాతావరణశాఖవారు ప్రతిదినము కొలుచుచుందురు. హైదరాబాదునుండి టాటా పరిశోధనసంస్థవారు ఎగురవేయు బ్రహ్మాండమైన బెలూనులు ముప్పది కిలోమీటర్లు దాటి పోవును. అంతకు పైన బెలూను నిలుచుటకు చాలినంత గాలియే లేదు. ఉపగ్రహమా, అంత క్రిందుగా చాలకాలము తిరుగజాలదు. నూరు కిలోమీటర్ల ప్రాంతము బెలూనునకు అందనిది, ఉపగ్రహమునకు దక్కనిది. శాస్త్రజ్ఞులకు అదొక చీకటిగదివలె ఉండెను.

ఆ చీకటిగది తలుపును మన తెలుగువారును తట్టిరి. 1950వ దశకమున వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భావరాజు రామచంద్రరావుగారును వారి సహచరులును రేడియో తరంగములతో ఆ గాలులను పరిశీలించిరి. నూరు కిలోమీటర్ల ప్రాంతమునుండి పైకి వాయువు సూర్యకాంతిచే విద్యుద్భరితమై రేడియో తరంగములను తిరుగగొట్టును. అట్లు తిరిగివచ్చిన తరంగమును కొంత కొంత దూరమున నిలిపిన మూడు ఏరియళ్లతో అందుకొందురు. ఆ తరంగపు బలము ఒక ఏరియలుపై తగ్గిన కొలదిసేపటికి రెండవదానిపై తగ్గును, పిదప మూడవదానిపై తగ్గును. ఒక మబ్బునీడ మొదట ఒక చేనిమీదుగను, పిమ్మట ప్రక్క చేనిమీదుగను జరిగిపోవునట్లు దీనిని భావింపవచ్చును. నీడ జరిగిన కాలమునుబట్టి మబ్బు వేగము తెలియును. అయితే ఇందు ఒక సందేహము మిగిలిపోయెను. ఆ కదలినది గాలియా, లేక గాలిలోని విద్యుత్కణములు మాత్రమేనా? భూమి అయస్కాంతశక్తి ఆ కణముల కదలికను కట్టడి చేయుచుండును గదా. గాలిని గాలిగా చూడవలెనన్న అచ్చటికే పోయి పొగ విడువక తప్పదు.

ఆ పొగయే సోడియం. మనము తినెడు ఉప్పులో సోడియం కలదు. ఈ లోహమును ఆవిరిచేసి పైమండలమున విడిచి గాలులను చూచుట 1955లో అమెరికావారు ఆరంభించిరి. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జాక్ బ్లామోన్ 1959లో ఆఫ్రికా ఎడారినుండి రాకెట్టు పంపి ఆ పద్ధతిని చక్కగా వృద్ధిచేసెను. ఆయన విక్రమునకు మంచి మిత్రుడయ్యెను.

1962లో భాభా ప్రోత్సాహమున భారత జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘము ఏర్పడి, విక్రం దానికి అధ్యక్షుడయ్యెను. ఆ సంవత్సరమే చీనాతో యుద్ధము వచ్చినది. దేశమున తిండిగింజలకు కరవు. ఇట్టి వేళ ఆకాశమునకు రాకెట్లు పంపుట దేనికని అడిగినవారు ఎందరో. అది అన్యాయమైన ప్రశ్న కాదు. బీదదేశమున ప్రతి రూపాయికిని లెక్క చెప్పవలసినదే. విక్రం ఆ ప్రశ్ననుండి తప్పించుకొనలేదు. చంద్రమండలమునకు పోవుటలో ధనికదేశములతో పోటీపడు తలంపు మనకు లేదనియు, మన ప్రజల అవసరములకై క్రొత్త శాస్త్రమును వాడుకొనుటలో మాత్రము మన మెవ్వరికిని వెనుకబడరాదనియు ఆయన వాదించెను. వర్షమును ముందుగా చెప్పుట, మారుమూల పల్లెలకు చదువును చేర్చుట, ఇవి ఆయన కోరిన ఫలములు. ఆ ఫలములకు ముందు వేరు నాటవలెను. ఆ వేరే రాకెట్టు శాస్త్రము నేర్చిన యువకుల బృందము. వారు నేర్చుకొనుటకు చిన్నదియు, నిజమైనదియు, ప్రపంచమునకు పనికివచ్చునదియునైన ఒక కార్యము కావలెను. గాలిని కొలుచుట అట్టి కార్యము.

ఎచ్చటనుండి కొలువవలెను? స్వేచ్ఛగా వ్రేలాడు అయస్కాంతపు సూది ఉత్తరదేశములలో ముక్కు క్రిందికి వంచును. మన దేశపు దక్షిణపుకొసన అది ఇటునటు వంగక నేలకు సమముగా నిలుచును. ఆ సూది అట్లు నిలుచు చోట్లను కలిపిన గీతకు అయస్కాంత భూమధ్యరేఖయని పేరు. ఆ రేఖపైన నూరు కిలోమీటర్ల ఎత్తున పగటివేళ ఒక పెద్ద విద్యుత్ప్రవాహము నదివలె సాగుచుండును. అచ్చటి గాలులకును ఆ ప్రవాహమునకును గల సంబంధమును తెలిసికొనవలెనని ప్రపంచమంతట శాస్త్రజ్ఞులు ఆశపడుచుండిరి. విక్రం తన సహచరులతో కేరళ తీరమంతయు వెదకించెను. తిరువనంతపురము ప్రక్కనున్న తుంబా అను జాలరుల పల్లె తగినదని తేలినది.

తుంబాలో మేరీ మగ్దలీనా పేరిట ఒక చర్చి ఉండెను. చుట్టును జాలరుల గుడిసెలు. తాతముత్తాతలనాటి నుండి వారు అచ్చటనే వలలు ఆరవేసికొని, అచ్చటనే ప్రార్థించి, తమవారిని పూడ్చుకొని జీవించుచుండిరి. వారి ఊరును వారి దేవాలయమును అడుగవలసివచ్చెను. విక్రం బిషప్పు పీటర్ బెర్నార్డ్ పెరీరాగారిని దర్శించి, ఈ పనియొక్క ప్రయోజనమును విశదపరచెను. బిషప్పు తానుగా ఏమియు నిర్ణయింపక, ఆదివారపు ప్రార్థనకు వచ్చిన జనులముందు ఆ సంగతి నుంచి, వారి అభిప్రాయము కోరెను. వారు సమ్మతించిరి. వేరొకచోట వారికి ఇండ్లును క్రొత్త చర్చియును కట్టబడినవి. ఓపెన్ కాస్టు గనులకై పుట్టిన ఊరు విడిచిన కుటుంబములను సెంటినరీ కాలనీ పరిసరములలో నెరిగినవారికి ఆ సమ్మతి ఎంత బరువైనదో చెప్పనక్కరలేదు. రాకెట్టు కథ చెప్పువారు శాస్త్రజ్ఞులను కొనియాడినంతగా ఆ జాలరులను కొనియాడరు.

చర్చి కార్యాలయమయ్యెను. బిషప్పు నివసించిన ఇల్లు పరిశోధకుల పనిగదియయ్యెను. అమెరికాలో కొలదినెలలు శిక్షణ పొందివచ్చిన యువకులు కొందరు అచ్చట చేరిరి. రాకెట్టును జోడించు పనియు దాని భద్రతయు చూచుచున్న యువకుడు ఎ.పి.జె.అబ్దుల్ కలామ్. వారు తిరువనంతపురమునందు బసచేసి, బస్సులలోను సైకిళ్లపైనను వచ్చిపోవుచుండిరి. రాకెట్టు భాగములనుగూడ సైకిలుపై పెట్టి నడిపించుకొనిపోయిన దినములవి. నైకీ అపాచీ అను రెండంతస్తుల రాకెట్టును అమెరికా యిచ్చెను. సోడియం నింపిన పాత్రను ఫ్రాన్సు యిచ్చెను. సోవియట్ దేశము లెక్కల యంత్రమును హెలికాప్టరును సమకూర్చెను. ఆ కాలమున అమెరికాయు సోవియట్ దేశమును ఒకరినొకరు శత్రువులుగా చూచుకొనుచుండిరి. అట్టివారి సామగ్రిని ఒకే తీరమున ఒకే పనికి కూర్చుట విక్రమునకే చెల్లినది. చిన్ననాడు తమ ఇంటిలో తండ్రి పక్షమును మేనత్త పక్షమును ఎరిగినవానికి అది అంత కష్టము కాలేదేమో!

1963 నవంబరు 21. సాయంకాలమునకే ముహూర్తము. పొగను పగలు విడిచినచో సూర్యుని వెలుగులో కనబడదు. నడిరేయి విడిచినచో వెలుగే ఉండదు. సంధ్యవేళ ఒక చక్కని అవకాశము కలదు. సెంటినరీ కాలనీలో దీపములు పెట్టు వేళ రామగిరి ఖిల్లా వైపు చూడుడు. క్రింద నీడలు క్రమ్మినను కొండకొమ్మున కొంతసేపు ఎండ నిలిచియుండును. నూరు కిలోమీటర్ల ఎత్తున ఆ ఎండ ఇంకను చాలసేపు నిలుచును. క్రిందివారు చీకటిలోనుండి, ఎండలోనున్న సోడియం మేఘమును చూడగలరు. సూర్యకాంతిలోని ఒక ప్రత్యేకమైన పసుపు వన్నెను సోడియం ఆవిరి పీల్చుకొని మరల వెదజల్లును. కొద్దిపాటి సోడియమే ఆకాశమున వెలిగిపోవును.

ఆ దినము పని సాఫీగా సాగలేదు. రాకెట్టును ఎత్తు క్రేను నుండి నూనె కారి, అది సరిగా పనిచేయలేదు. సమయము దాటినచో సంధ్య దాటును, ఆనాటికి ప్రయోగము లేనట్లే. అచ్చటివారందరును భుజములు కలిపి, రాకెట్టును చేతులతో జరిపి దాని స్థానమున నిలిపిరి. సాయంకాలము 6 గంటల 25 నిమిషములకు అది మంటలు గ్రక్కుచు పైకెగసెను. కొలది నిమిషములలో తీరపు ఆకాశమున నారింజవన్నె మేఘము విచ్చుకొన్నది. కారణ మెరుగని పల్లెజనులు వీధులలోనికి వచ్చి ఆశ్చర్యముతో చూచిరి. ఆ ప్రయోగపు శాస్త్రభాగమును ప్రఫుల్ల భావసార్ అను అహమ్మదాబాదు పరిశోధకుడు నిర్వహించెను. మరునాడే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్య చేయబడినందున లోకమంతయు ఆ వార్తలో మునిగిపోయినది.

మేఘమును చూచి ఆనందించుటతో పని ముగియదు. అసలు పని అప్పుడే ఆరంభమగును. ఒకదానికొకటి చాల దూరముననున్న స్థలములలో కెమెరాలు నిలిపి, ఒకే క్షణమున ఫోటోలు తీయుచుందురు. ఫోటోలో మేఘము వెనుక నక్షత్రములును పడును. నక్షత్రముల స్థానములు ముందే తెలిసినవి గనుక, ఆ స్థలమునుండి మేఘమే దిక్కున నున్నదో తేలును. రెండు స్థలముల దిక్కులు తెలిసి, నడుమ దూరము తెలిసినచో త్రిభుజము ఏర్పడును. గనులలో సర్వేయరు కొలతలకు ఉపయోగించు రేఖాగణితమే ఇది. కొన్ని సెకండ్లకొకసారి తీసిన ఫోటోలను వరుసగా పోల్చిచూచినచో మేఘములోని ఏ భాగము ఎటు, ఎంత వేగముగా కదలెనో తెలిసిపోవును. ఒక్క కెమెరాకు మబ్బు అడ్డువచ్చినను, ఒక్క గడియారము తప్పినను లెక్క చెడును. అందువలన ఇది ఏ ఒక్క మేధావియు ఏకాంతమున చేయగల పని కాదు.

రాకెట్టు నిలువుగా గీచిన సోడియం గీత నిలువుగా ఉండదు. కొద్దిసేపటిలోనే అది పాములాగున మెలికలు తిరుగును. ఒక ఎత్తున గాలి తూర్పునకు వీచుచుండగా, దానికి కొన్ని కిలోమీటర్ల పైన పడమటికి వీచుచుండవచ్చును. ఇట్టి మేఘములవలన తెలిసిన సంగతులు విస్మయము గొల్పునవి. అచ్చటి గాలి వేగము ఒక్కొక్కప్పుడు సెకండునకు 100 మీటర్లు, అనగా గంటకు 360 కిలోమీటర్లుండును. 1977లో దివిసీమను ముంచిన తుఫాను గాలికన్న అది వడియైనది. ఐనను అచ్చట నిలిచినవానికి ఆ గాలి తాకినట్లైన తోచదు. నేలమీది గాలికంటె అచ్చటి గాలి పదిలక్షల రెట్లకు మించి పలుచనిది. మరియొక వింత యేమనగా, సుమారు నూరు కిలోమీటర్లకు దిగువన మేఘపు అంచులు సుడులచే చిందరవందరగును, ఆపైన అవి నునుపుగా మెల్లగా వ్యాపించును. వాయువులు కలగలిసియుండు మండలమునకు అది సరిహద్దు. ఆ పలుచని గాలులే విద్యుత్కణములను మోసికొనిపోయి ప్రవాహములను పుట్టించును. నేలమీద దిక్సూచి సూది ప్రతిదినము రవ్వంత చలించుటకు మూలము అంత యెత్తున గలదని తలచుకొన్నచో ఆశ్చర్యముగా నుండును.

తుంబానుండి ఆ పిమ్మట ఎన్నియో సోడియం మేఘములు వెలువడినవి. సన్నని రాగితీగ ముక్కలను అరువది కిలోమీటర్ల ప్రాంతమున చల్లి, అవి గాలిలో తేలిపోవుటను రాడారుతో చూచు చిన్న రాకెట్లు 1964లో ఎగిరినవి. 1967 నవంబరు 20న మనవారు స్వయముగా చేసిన రోహిణి రాకెట్టు పైకి పోయెను. దాని వ్యాసము 75 మిల్లీమీటర్లు మాత్రమే. దానిని చూచి నవ్వినవారును ఉండిరి. 1968 ఫిబ్రవరి 2న ప్రధాని ఇందిరాగాంధీ తుంబా కేంద్రమును ఐక్యరాజ్యసమితికి అంకితము చేసెను. ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను అచ్చటికి వచ్చి ఆకాశమును పరిశోధింపవచ్చును. 1969 ఆగస్టు 15న భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఏర్పడినది.

ఇంతలో 1966 జనవరిలో భాభా విమానప్రమాదమున మరణించెను. పరమాణుశక్తి సంఘపు అధ్యక్షపదవియు విక్రముపై పడినది. హైదరాబాదునందలి ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను 1967లో ఆయన కాలముననే వెలసినది. రెండు మహాసంస్థల భారమును ఒక్కడే మోయవలసివచ్చుటచే ఆయన విమానములలోనే ఫైళ్లు చదివి, విమానాశ్రయములలోనే చర్చలు జరుపుచుండెను.

పెద్ద రాకెట్లు తూర్పుదిక్కునకు, సముద్రముమీదుగా పోవలెను. తుంబా పడమటితీరమున నున్నందున మరియొక చోటు వెదకిరి. ఆనాటి నెల్లూరు జిల్లాలో, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట ద్వీపము దొరికినది. అడవిదుంపలు, తేనె, చేపలు సేకరించి బ్రతుకు యానాదులు ఆ ద్వీపమునకు పాతకాపులు. వారును తావు మారవలసివచ్చినది. వారి నష్టమును లెక్కించి చెప్పిన పుస్తకములు తక్కువ. 1971 అక్టోబరు 9న అచ్చటి నుండి తొలి రోహిణి రాకెట్టు ఎగిరెను.

తరువాత మూడు మాసములైనను గడువలేదు. 1971 డిసెంబరు చివరి వారమున విక్రం తుంబా పనులు చూచుటకు వచ్చి, సమీపమున కోవళము సముద్రతీరమున బసచేసెను. 30వ తేదీన ఆయన నిద్రలోనే మరణించియుండుట చూచి పరిచారకులు నిశ్చేష్టులైరి. వయస్సు ఏబదిరెండేండ్లు. తాను తలపెట్టిన ఉపగ్రహమునుగాని, దానిని మోయు రాకెట్టునుగాని ఆయన కన్నులార చూడలేదు. పల్లెలకు ఉపగ్రహముద్వారా టెలివిజను పాఠములు పంపుటకు ఆయన 1969లోనే అమెరికాతో కుదిర్చిన ఏర్పాటు 1975లో ఫలించి, దేశమున సుమారు 2400 గ్రామములకు చేరినది. మన మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలును అందులో నుండెను.

ఆకాశపు గాలిని కొలుచు పనియు ఆగలేదు. 1990వ దశకమున తిరుపతి సమీపమునందలి గాదంకి గ్రామమున ఒక పెద్ద రాడారు నిర్మింపబడినది. 130 మీటర్ల పొడవును, అంతే వెడల్పునుగల పొలములో 1024 ఏరియళ్లు వరుసలుతీరి నిలిచినవి. అవి పంపు రేడియో తరంగము పైమండలపు సుడులకు తగిలి, అతి సన్నని ప్రతిధ్వనిగా మరలివచ్చును. బొగ్గు గూడ్సుబండి దగ్గరకు వచ్చునపుడు కూత సన్నగిల్లి, దాటిపోవునపుడు బొంగురుపోవుట రామగుండము ప్రాంతపువారు దినమును వినునదే. అట్లే ఆ ప్రతిధ్వనిలోని మార్పునుబట్టి గాలి ఇటు వచ్చుచున్నదో అటు పోవుచున్నదో తెలియును. సోడియం మేఘము సంధ్యవేళ కొలది నిమిషములు మాత్రమే గాలిని చూపును. రాడారు పగలును రేయియు వినుచుండగలదు.

తుంబా కేంద్రమునకు 1972లో విక్రం సారాభాయి పేరు పెట్టిరి. జాలరులు విడిచియిచ్చిన ఆ చర్చి చెక్కుచెదరక నిలిచియున్నది. దానియందు ఇప్పుడు అంతరిక్ష ప్రదర్శనశాల కలదు.